మందుగుండు గది తలుపు

దిగుడు సంవత్సరం 57, శ్రావణ శుద్ధ విదియ, సోమవారం

ఈరోజు మొదటి ఆశ్చర్యం: పుస్తకానికి వాసన ఉంటుంది.

దస్తగిరి సారు దాన్ని నా చేతిలో పెట్టగానే నేను చేసిన మొదటి పని ముక్కు దగ్గర పెట్టుకోవడం. ఎండబెట్టిన పుట్టగొడుగుల వాసన, దాని వెనక ఎక్కడో కొంచెం బెల్లం. సారు కాసేపు చూసి, "చదువుతావని ఇచ్చినా మ్మా, కూర వండుతావని కాదు," అన్నారు.

సారు చదువుల గదిలో మేం ఏడుగురం. పలుకుపెట్టెలు పొద్దున లేచింది మొదలు అన్నీ చెప్పేస్తుంటే కళ్లతో అక్షరాలు పట్టుకోవడం ఎందుకని ఊళ్లో చాలామంది నవ్వుతారు. నాకు మాత్రం 'క్ష' రాయడం వచ్చిన రోజు నుంచి పిచ్చి పట్టింది. వత్తులన్నీ అందరికంటే ముందు నేర్చుకున్నాను కాబట్టి పూర్తి పుస్తకం మొదట దక్కింది నాకే. షరతు ఒకటి ఉంది. చదివినదీ, ఆ రోజు జరిగినదీ రోజూ రాసి సారుకు చూపించాలి. అందుకే ఈ దినచర్య.

పుస్తకం పేరు 'వసుధకు కోపమొచ్చింది'. ఊరు ఈ గనిలోకి దిగినప్పుడు ఎవరో బట్టల మూటలో తెచ్చుకున్నదట. అట్ట మీద రెండు జడల అమ్మాయి ఒక సైకిల్ పట్టుకుని నిలబడింది. అది సైకిల్ అని సారే చెప్పారు. రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట అట్ట చినిగిపోయింది.

మొదటి వాక్యం ఇది: "పద్నాలుగో పుట్టినరోజు నాడు వసుధకు ఇంట్లో ఎవరి మొహం చూసినా కోపమొచ్చింది."

నాలుగుసార్లు చదివాను. పద్నాలుగు!

పద్నాలుగేళ్ల మనిషి గొంతు నేనెప్పుడూ వినలేదు. మా ఊళ్లో పన్నెండు వరకు చిన్నోళ్లు, పంతొమ్మిది నుంచి లేచినోళ్లు. మధ్యలో ఉన్నవాళ్లంతా నిద్రశాలలో అద్దం మూతల కింద వరసగా పడుకుని ఉంటారు. నేనూ ఏడేళ్లు అక్కడ పడుకుని లేచినదాన్నే. పద్నాలుగేళ్ల ముఖాలు చాలా చూశాను. ఒక్కదానికీ కోపం లేదు.

సాయంత్రం పెంచలకు చెప్పాను. పెంచల నా చెల్లెలు. పన్నెండు నిండాయి, వచ్చే దశమి పొద్దున నిద్రశాలలో దాని వంతు. ఏడేళ్లలో పెరగబోయే ఒడ్డూ పొడుగూ అంచనా వేసి అమ్మ నిద్ర గౌను కుట్టేసింది. ఇప్పుడు తొడిగితే దానికి కాళ్లు ఉన్నాయో లేవో తెలియదు. మిగిలింది లేపే మాట ఒక్కటే. పడుకోబోయే ప్రతి బిడ్డా ఇంటివాళ్లకు ఒక మాట చెప్పి పోతుంది. ఏడేళ్ల తర్వాత మూత తీయగానే చెవిలో మొదట పడేది ఆ మాటే. నేను నా పన్నెండేళ్ల తెలివితో "చౌడీ, నీ కోడిపిల్లలు బాగుండాయి" అని చెప్పమన్నాను. అమ్మను కన్న జేజి అట్లాగే చెప్పింది. నా కోడిపిల్లల మనవరాళ్లు కూడా అప్పటికే కూరైపోయిన సంగతి నెల తర్వాత గానీ తెలియలేదు.

"నీ మాట ఏందే?" అని పెంచలను అడిగాను.

"ఇంగా ఆలోచిస్తాండా. ముందు ఆ కోపం పిల్ల కత చదువు."

తదియ, మంగళవారం

కొత్త మాట దొరికింది: ఉక్రోషం. కోపంలాగే ఉంటుంది, కానీ లోపల ఏడుపు కలిసి ఉంటుంది, తప్పు కొంచెం తనదేనని కూడా తెలిసి ఉంటుంది. ఇన్ని సంగతులు ఒక్క మాటలో ఎట్లా పట్టాయో! పుట్టగొడుగుల మడులకు నీళ్లు చల్లుతూ పనంతా అయ్యేవరకు దాన్నే నోట్లో తిప్పుకున్నాను.

మూడు అధ్యాయాలు అయ్యాయి. నిజం రాస్తున్నాను సారూ, వసుధ నాకు నచ్చలేదు. ముక్కు మీద మొటిమ లేచిందని బడికి పోదు. స్నేహితురాలు కమల వేరే పిల్ల పక్కన కూర్చుందని రెండు పేజీలు ఏడుస్తుంది. వాళ్లమ్మ "జడ వేయనా" అంటే "నన్ను వదిలెయ్" అంటుంది. వదిలేస్తే "నన్నెవరూ పట్టించుకోరు" అంటుంది. నాకు ఇరవై రెండేళ్లు. ఈ వయసులో చదువుతుంటే, ఆ పిల్లను పట్టుకొచ్చి రెండు మడులు అప్పగించాలనిపించింది.

నేను గట్టిగా చదువుతుంటే సంగటి కెలుకుతున్న అమ్మ కూడా అదే అంది. "పాపం, ఆ కాలంలో నిద్ర ల్యాకపాయె. ఆ ఏండ్లన్నీ మేలుకోనే పడాల్సొచ్చె."

జేజి మూలన కూర్చుని వింటోంది. మా ఇంట్లో పద్నాలుగో ఏడును మెలకువతో చూసినది జేజి ఒక్కతే. ఈ ముగ్గురాయి గనిలోకి ఊరు దిగేనాటికి ఆమెకు పదిహేను. నిద్రశాల తయారయ్యేసరికి పద్దెనిమిది దాటిపోయింది. అప్పటి సంగతులు ఎప్పుడడిగినా "ఏముండాది లేవే అందులో" అంటుంది.

చదువులో ఒక చిక్కు వచ్చింది. "వసుధ గదిలోకి పోయి ధడేల్మని తలుపేసుకుంది." ఈ ముక్క మాటిమాటికీ వస్తుంది. మా ఊళ్లో గాలి తిరగాలి కాబట్టి ఏ ఇంటికీ తలుపుండదు, తెరలే. ధడేల్మనడం ఎట్లా ఉంటుంది?

పెంచల లేచి, మా గది తెర అంచు పట్టుకుని, పళ్లు బిగించి ఒక్క విసురు విసిరింది. ఫుస్ అంది. ఇంకా గట్టిగా విసిరింది. తెర తిరిగొచ్చి దాని మొహానికే చుట్టుకుంది.

"దీంతో కోపం యాడ తీరుతాది అక్కా?" అంది తెర లోపల్నుంచి.

చవితి, బుధవారం

ఊళ్లో ఒక తలుపుంది!

దస్తగిరి సారు నోరు జారి చెప్పారు. మూడో సొరంగం చివర, గని నడిచిన కాలంలో మందుగుండు దాచిన గది ఉందట. దానికి ఇనుప తలుపు, పైన చిన్న జాలీ. "అది ఉండాదని చెప్పినా గానీ, పొమ్మని చెప్పల్యా," అని కూడా అన్నారు. ఆ రెండో ముక్క నేను పెంచలకు చేరవేయలేదు.

పని దిగాక ఇద్దరం వెళ్లాం. తలుపు మా ఇద్దరి కంటే పొడుగు. బందులు తుప్పు పట్టి కదల్లేదు. నీళ్ల మోటారు దగ్గర్నుంచి నూనె తెచ్చి పోశాం. పెంచల చేతులతోనే బందులకు పూసింది. ఊపగా ఊపగా తలుపు కిర్రుమని కదిలింది. ఇక చూడాలి మా సంబరం.

"ఎవరి మీద కోపం తెచ్చుకుందాం?" అన్నాను.

"ఆ గౌను మీద," అంది పెంచల. రెండు చేతులతో లాగిపెట్టి తోసింది.

ఆ చప్పుడు రాయడానికి నా దగ్గర అక్షరాలు చాలవు. పుస్తకంలో 'ధడేల్' అని మూడక్షరాలే ఉంది. మాకు వినిపించినది మూడో సొరంగంలో పుట్టి, రెండోది దాటి, ఊరంతా తిరిగి, మళ్లీ మా వీపుల మీదికి వచ్చింది. పెంచల ముఖం దీపంలా వెలిగిపోయింది.

ఆ వెంటనే గంట మోగింది.

మా ఊళ్లో పెద్ద చప్పుడుకు ఒకే అర్థం: ఎక్కడో పైకప్పు కూలింది. గంట వినగానే ఏం చేయాలో మాకు నడక నేర్పినప్పుడే నేర్పుతారు. కాబట్టి ఆ చప్పుడు చేసింది మేమే అయినా, ఏ ఆలోచనా లేకుండా మేమిద్దరం కూడా పరుగు తీసి, హెల్మెట్లు పెట్టుకుని, నాలుగు దారుల కూడలిలో అందరితో పాటు వరసలో నిలబడ్డాం. నాగరత్నం డాక్టరమ్మ మంచాలు మోయించుకుని వచ్చింది. అమ్మ ఒంటి చెప్పుతో వచ్చి మమ్మల్ని ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. ఊరి పెద్ద ఓబులేసు మేస్త్రి మనుషుల్ని లెక్కపెడుతూ వచ్చి పెంచల ముందు ఆగాడు. మోచేతుల దాకా నల్లటి నూనె.

"ఏం పాపా, గోరింటాకు బాగా పండినట్టుండాదే?"

పెంచల చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను నా చేతులు చూసుకున్నాను. అమ్మ మమ్మల్ని వదిలి, ఇద్దరి వీపుల మీదా చెరొకటి ఇచ్చింది.

పంచమి, గురువారం

శిక్ష: ఊళ్లో హెల్మెట్లన్నీ తుడవడం. అందరి తలల వాసనా ఇప్పుడు మాకు తెలుసు.

తుడుస్తూ తుడుస్తూ పెంచల అంది: "అక్కా, నేను పడుకోను."

"అందరికీ భయమేస్తాది లేవే. నేనూ ఏడ్చినా."

"భయం కాదు. నేను పద్నాలుగు చూడాల."

నవ్వాను. అది నవ్వలేదు. ఇంటికొచ్చి అదే మాట అమ్మతో అంది. అమ్మ కూడా మొదట నవ్వింది, తర్వాత గరిట కింద పెట్టింది.

"నిన్నెవరూ కట్టేసి పండబెట్టరు," అంది అమ్మ. "పండుకోకపోతే ఏం తింటావు? ఊళ్లో కొలత గిన్నెలు రెండే. చిన్నోళ్లదొకటి, లేచినోళ్లదొకటి. పదమూడేండ్లదానికి యా గిన్నెతో కొలిపిస్తావు?"

"నీ దాంట్లో కొంచెం, అక్క దాంట్లో కొంచెం పెట్టండి."

"ఏడేండ్లా?"

"వసుధకు వాళ్లమ్మ పెట్టల్యా?"

అమ్మ నా వైపు చూసింది. సారూ, పుస్తకం చదివినందుకు తిట్లు తినొచ్చని మీరు ముందే చెప్పాల్సింది.

పడుకోబోయే ముందు చిన్న లెక్క వేశాను. నేను నిద్రశాలకు పోయినప్పుడు పెంచలకు రెండేళ్లు. లేచి వచ్చినప్పుడు తొమ్మిది. "ఎవరీ పిల్ల?" అని అడిగానట. నిద్రపోయిన ఏళ్లు తీసేస్తే నేను బతికినవి పన్నెండు, అది బతికినవి తొమ్మిది. పదేళ్ల ఎడం మూడేళ్లయింది. ఈ మూడేళ్లుగా ఒకే దుప్పటి కింద ఒకే సంగతికి నవ్వుకున్నాం. ఇప్పుడది పడుకుని లేస్తే ఆ ఎడం మళ్లీ పదేళ్లవుతుంది. అప్పుడు లేచి అది నన్ను చూసి ఎవరీమె అంటుంది.

ఈ లెక్క నాకు నచ్చలేదు.

షష్ఠి, శుక్రవారం

ఈరోజు మాట: బెంగ. అర్థం రాయను.

సప్తమి, శనివారం

తొమ్మిదో అధ్యాయం నన్ను దెబ్బ కొట్టింది.

కమలతో పోట్లాడి వచ్చి వసుధ మళ్లీ తలుపేసుకుంటుంది. అన్నానికి రాదు. "తలుపు కింద సందులో అమ్మ కాళ్లు కనిపించాయి. చాలాసేపు కదల్లేదు. ఎందుకట్లా కాపలా కాస్తుందని వసుధకు ఇంకా ఒళ్లు మండింది." అంతే, తర్వాత పేజీలో వసుధ కమల సంగతికి వెళ్లిపోయింది. నేను వెళ్లలేకపోయాను. ఆ కాళ్ల దగ్గరే ఆగిపోయాను. ఆ అమ్మ చేతిలో పళ్లెం ఉంటుందని పుస్తకంలో ఎక్కడా లేదు. కానీ ఉంటుంది. అన్నం చల్లారిపోయి ఉంటుంది కూడా. వసుధకు కనిపించనిది నాకు కనిపిస్తున్నందుకు, నేను నిజంగానే పెద్దదాన్ని అయిపోయానని కొంచెం గొప్పగా అనిపించింది.

ఆ గొప్ప ఎంతోసేపు నిలవలేదు. అమ్మ వెనక నుంచి వచ్చి, "చిక్కు పడిందే చౌడీ, జడ వేయనా?" అంది.

"నన్ను వదిలెయ్!" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. నా గొంతు నాకే వినిపించింది. ఏడుపొచ్చింది. అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "తిక్క లేసింది దీనికి," అని గ్లాసు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరింది, కషాయం కోసం. లేచినోళ్లు ఊరికే ఏడ్చినా, ఊరికే అరిచినా నిద్ర మందు ఇంకా ఒంట్లోంచి దిగలేదని అర్థం. కొర్రపిండి, బెల్లం, ఏదో చేదు ఆకు వేసి పెద్ద కుండ నిండా రోజూ కాస్తారు. ఈ మూడేళ్లలో నేను ఎన్ని గ్లాసులు తాగానో.

మూలన కూర్చున్న జేజి నవ్వడం మొదలుపెట్టింది. చిన్న నవ్వు కాదు. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లు కారేదాకా.

"నవ్వుతావేంది జేజీ? నేను ఏడుస్తాంటే!"

"యాభై ఏండ్లుగా చూస్తాండా మీ కషాయాలు! ఏడిస్తే కషాయం. కసిరితే కషాయం. ఎవడన్నా మడుల సందున చూస్తే మొహం ఎర్రగైతే దానికీ కషాయం. ఒసే, అది మందు తిక్క కాదే. అది ఈడు."

"ఏం ఈడు?"

"ఆ పుస్తకంలో పిల్లది. మీరు పండుకున్న్యారని అది కూడా పండుకుంటాదా? మీరు లేసేదాకా గడప బయట కూసోని ఉంటాది. లేస్తానే వచ్చి మీద పడతాది."

అమ్మ గడప దగ్గర్నుంచే గ్లాసుతో వెనక్కి వచ్చింది.

"మరి ఇన్నాళ్లూ చెప్పల్యా?" అన్నాను.

"ఎవురడిగిన్యారు నన్ను? ఆ పొద్దు కూడు లేక, ఎదిగే పిల్లోల్లు ఎండిపోతాంటే పండబెట్నారు. బతికిన్యారు. అప్పుడది మంచి పనే. కూడు దొరికినాక ఇంగ ఎవురూ ఆలోచించల్యా. అలవాటైపాయె."

నేను ఇంకో లెక్క వేశాను, ఈసారి నాకోసం. పన్నెండు, లేచాక మూడు. నేను బతికినవి పదిహేనేళ్లు. వసుధ కంటే ఒక్క ఏడు పెద్దదాన్ని. మొన్న మంగళవారం ఆ పిల్లకు రెండు మడులు అప్పగించాలని రాశాను కదా సారూ, దయచేసి దాన్ని కొట్టేయండి.

అష్టమి, ఆదివారం

పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె కషాయం కుండ కలుపుతోంది.

"డాక్టరమ్మా, ఈ తిక్క ఎన్నాళ్లుంటుంది మనుషులకు?"

"కొందరికి నాలుగేళ్లు. కొందరికి ఆరు. ఏం, నీకు తగ్గలేదా?"

"ఏడేళ్లు పడుకున్నాక ఆరేళ్ల తిక్క. పడుకోకపోతే మొత్తం ఆరేళ్లతో పోయేది కదా?"

ఆమె గరిట ఆగింది. పుస్తకం తీసి తొమ్మిదో అధ్యాయం వినిపించాను. విని, కుండ మీద మూత పెట్టింది. "రేపు పంచాయతీ ఉంది. అక్కడ చదువు. నేను అడ్డం చెప్పను, అట్లని నీ తరఫున మాట్లాడతానని కూడా అనుకోవద్దు," అంది.

ఎగురుకుంటూ ఇంటికి వచ్చేసరికి పెంచల నిద్ర గౌను తొడుక్కుని మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లు కనబడటం లేదు.

"ఏందే ఇది? రేపు పంచాయతీలో అడగబోతాండాం గదా!"

"వద్దులే అక్కా. పడుకుంటా."

"యాల?"

"నా ఈడు వాళ్లంతా పడుకుంటారు. వసుధకు కమల ఉండాది. నేనెవరితో పోట్లాడాల? ఒక్కదాన్నే పద్నాలుగు చూసి ఏం చేసుకోవాల?"

జవాబు కోసం పుస్తకం తిరగేశాను. వసుధ చుట్టూ బడి నిండా పద్నాలుగేళ్లవాళ్లే.

"లేపే మాట కూడా ఆలోచించినా," అంది పెంచల. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది. "'పెంచలా, అక్క పుస్తకం ఇంగా అయిపోలేదు, నీకోసం ఆపింది' అని చెప్పల్ల."

రెండు అధ్యాయాలే మిగిలాయి. పుస్తకం మూసి అటక మీద పెట్టాను.

నవమి, సోమవారం

చాలా రాయాలి. చేయి నొప్పి పుట్టినా సరే.

పంచాయతీ కూడలిలోనే జరిగింది. ఓబులేసు మేస్త్రి ముందు నీళ్ల మోటారు సంగతి తేల్చి, తర్వాత నన్ను చూసి, "ఏం మ్మా, ఈసారి తలుపు తేలేదు గదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అటక మీంచి దింపిన పుస్తకం చూపించాను.

తొమ్మిదో అధ్యాయం చదివాను. "ఎందుకు ఏడుస్తున్నావని అమ్మ అడిగింది. తెలిస్తే చెప్పనా అని వసుధ ఇంకా గట్టిగా ఏడ్చింది" అన్నచోట చిన్నోళ్లు పకపకా నవ్వారు. లేచినోళ్లు నవ్వలేదు. ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. చదవడం అయ్యాక, జేజి చెప్పినది చెప్పాను. ఇది మందు తిక్క కాదని, ఎంతకాలం పడుకున్నా లేచాక రావాల్సిందేనని. పడుకోవడమో మేలుకోవడమో పెంచలనే తేల్చుకోనివ్వమని అడిగాను.

ఓబులేసు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"నేను లేచిన రెండో ఏడు, ఒకాయప్ప నా మీసం చూసి చీమల బారు అన్న్యాడు. మూడో సొరంగంలో పోయి పొద్దుగూకులు కూసున్న్యా. నాకప్పుడు ఇరవై ఒకటి. నాలుగు నెలలు కషాయం తాగించిన్యారు."

"ఎవరన్నారు మేస్త్రీ?" అని ఎవరో అడిగారు.

"మీ నాయనే."

ఈసారి నవ్వు సొరంగాల దాకా పోయింది. నవ్వు ఆగాక డాక్టరమ్మ లేచింది. మాట్లాడనని చెప్పిన మనిషి. "నేను కషాయం కలిపేటప్పుడు మొదటి గ్లాసు నేనే తాగేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు," అని కూర్చుంది.

అప్పుడు మా అమ్మ. సారూ, మా అమ్మ పంచాయతీలో ఎప్పుడూ నోరు తెరవలేదు. జేజి వైపు చూస్తూ అంది: "నేను లేచిన కొత్తలో నీతో ఆర్నెల్లు మాట్లాడల్యా. మందు వల్ల అనుకున్న్యా. తెర ఏసుకోని పడుకుంటే, తెర కింద నీ కాళ్లు అగుపడేటివి. కదిలేదానివి కాదు. నాకు ఇంగా కోపమొచ్చేది."

"సంగటి పట్టుకోని ఉంటి," అంది జేజి. "చల్లారిపాయె."

నేను పుస్తకం గుండెకు ఆనించుకున్నాను. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

వెనక నుంచి ఒకాయన న్యాయమైన మాటే అడిగాడు. "బాగుండాది. అందరు పిల్లోల్లూ లేచి కూసుంటే కూడు యాడ్నుంచి వస్తాది?" దానికి జవాబు డాక్టరమ్మే చెప్పింది. "అందరి సంగతి తెలీదు. ఒక్క పిల్లకైతే వస్తుంది. రోజూ ఒక కుండ కొర్రపిండి, బెల్లం కషాయంలో పోస్తున్నాం. ఆ కుండ ఆపేస్తాను."

ఓబులేసు మేస్త్రి తేల్చాడు: ఈ ఒక్క ఏడాదికి, పెంచల ఒక్కతే, చూద్దాం. మూడో కొలత గిన్నె చేయిస్తారు. పెంచల సగం పూట మడుల్లో పని చేయాలి. దస్తగిరి సారు దగ్గర అక్షరాలు నేర్చుకుని, ఎట్లా ఉందో తానే రాయాలి. వచ్చే శ్రావణంలో అది చదివి విన్నాక మిగతా పిల్లల మాట.

"ఏం పాపా, ఇష్టమేనా?"

పెంచల గౌను పైకి పట్టుకుని నిలబడి ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. "నేనెవరితో పోట్లాడాల?" అని అడిగింది, మేస్త్రిని కాదు, నన్ను.

నిన్నంతా దొరకని జవాబు, నేను వేసిన లెక్కలోనే ఉంది.

"నాకు పదిహేను," అన్నాను.

అది వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మెల్లగా నవ్వు వచ్చింది. "అయితే ఇంగ నిన్ను అక్కా అనాల్సిన పన్లేదా?"

"అనాల."

ఇక్కడితో అంతా సుఖంగా ముగిసిందని రాయాలని ఉంది. కానీ ఇంటికి వచ్చేసరికి పెంచల మూతి ముడుచుకుని ఉంది. ఊరందరి ముందు దాని సంగతి మాట్లాడామట. అది గౌనుతో ఉన్నప్పుడు చూసి పక్కింటి చిన్నోడు నవ్వాడట. నేను ముందే చెప్పి ఉంటే వేరే బట్టలు వేసుకునేదట. "చెప్పినాను గదే!" అంటే, "నువ్వెప్పుడూ ఇంతే!" అని గదిలోకి పోయి తెర లాగింది. ఫుస్.

మళ్లీ, ఫుస్. లోపల నుంచి ఏడుపు లాంటి చప్పుడు. అమ్మ అలవాటుగా గ్లాసు అందుకుని, కుండ ఆపేశారని గుర్తొచ్చి, మళ్లీ పెట్టేసింది. జేజి నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ముగ్గురం పైకి నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం.

రేపు దశమి. ఇదీ మా ఏర్పాటు. పొద్దున్నే ఓబులేసు మేస్త్రి నలుగురు మనుషుల్ని, గడ్డపారల్ని తీసుకుని మూడో సొరంగానికి వస్తానన్నాడు. మందుగుండు గది తలుపు ఊడదీసి తెచ్చి మా గదికి బిగించాలి. పైన జాలీ ఉంది కాబట్టి గాలికి ఇబ్బంది లేదని ఆయనే చూసుకున్నాడు. నూనె తెచ్చే పని నాది. కానీ అన్నిటికంటే ముందు, పలుకుపెట్టెల్లో ఊరంతా చెప్పించాలి: రేపటి నుంచి ధడేల్మని వినబడితే ఎవరూ హెల్మెట్లు పెట్టుకోవద్దు, పరుగెత్తొద్దు, అది మా పెంచల.

తలుపు బయట సంగటి పళ్లెం పట్టుకుని నిలబడే వంతు ఎవరిదని అమ్మా నేనూ ఇప్పటిదాకా వాదులాడుకున్నాం. రేపు పొద్దున మాత్రం నాదే.